ఉరిశిక్ష పడినవాళ్ల కోసం పనిచేయాలనుకునే పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

ఉరిశిక్ష ఖైదీల తరఫున పనిచేసే సంస్థలో చేరితే రోజూ ఏం చేయాల్సి ఉంటుందని అడిగారు. కోర్టులో నిలబడి వాదించడం అందులో చిన్న వంతు. ఆ మనిషి పుట్టినప్పటి నుంచి ఇవాళ్టిదాకా ఎలా బతికాడో వెతికి, రుజువులతో కాగితం మీద పెట్టడమే పెద్ద వంతు. శిక్ష తగ్గించమని కోర్టును అడగడానికి చేసే ఈ పనిని మిటిగేషన్ అంటారు. ఎక్కువగా దాని గురించే రాస్తున్నాను.

ముందు చట్టం ఏమంటుందో చూడండి. మన దేశంలో హత్యకు మామూలు శిక్ష యావజ్జీవం. ఉరి వేయాలంటే జడ్జి ప్రత్యేక కారణాలు రాయాలి. అరుదైన వాటిలోకెల్లా అరుదైన కేసులోనే ఉరి వేయాలని, నేరంతో పాటు నేరం చేసిన మనిషినీ చూడాలని 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అతను ఇక మారడని రుజువు చేయాల్సింది కూడా ప్రభుత్వమే.

కింది కోర్టుల్లో తరచూ జరిగేది వేరు. దోషి అని తేల్చిన రోజునో, ఆ మర్నాడో శిక్ష మీద వాదన ముగిసిపోతుంది. ‘వయసు చిన్నది, ముసలి తల్లిదండ్రులున్నారు, బీదవాడు, దయ చూపండి’ అని లాయరు నాలుగు ముక్కలు చెప్పి కూర్చుంటాడు. ఆ ముక్కలు ఏ ముద్దాయికైనా అతుకుతాయి, అందుకే జడ్జిని కదిలించవు. 2022 మేలో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని సరిదిద్దే ప్రయత్నం చేసింది. విచారణ దశలోనే ముద్దాయి మానసిక స్థితి, కుటుంబం, చదువు, ఆర్థిక పరిస్థితి, జైల్లో నడవడిక గురించిన వివరాలు కోర్టు ముందుకు రావాలంది. ఈ పద్ధతి పాటించకుండా వేసిన ఉరిశిక్షను, అన్ని మెట్లూ దాటిపోయాక కూడా, శిక్ష విషయం వరకు మాత్రం మళ్లీ విచారించవచ్చని 2025 ఆగస్టులో మరో తీర్పు వచ్చింది. కనుక ఇప్పుడు ఈ పని తెలిసినవాళ్ల అవసరం బాగా పెరిగింది.

కేసు చేతికి రాగానే గడువులు చూసుకోవాలి. సెషన్స్ కోర్టు వేసిన ఉరిశిక్ష హైకోర్టులో కనీసం ఇద్దరు జడ్జీలు ధ్రువీకరిస్తే తప్ప అమలు కాదు. ఆ ఫైలు దానంతటదే హైకోర్టుకు వెళ్తుంది కదా అని అప్పీలు వేయకుండా ఊరుకోకూడదు, దానికి గడువు 30 రోజులే. వకాల్తా, అంటే లాయరుకు కేసు అప్పగించే పత్రం మీద ఖైదీ సంతకమో వేలిముద్రో జైలు అధికారి ధ్రువీకరణతో తీసుకోవాలి. తర్వాత కింది కోర్టు రికార్డు మొత్తం తెప్పించుకోండి: ఎఫ్ఐఆర్, చార్జిషీటు, సాక్షుల వాంగ్మూలాలు, మెడికల్ రిపోర్టులు, ముద్దాయిని జడ్జి అడిగిన ప్రశ్నలు, అతని జవాబులు. అన్ని పేజీలూ వచ్చాయో లేదో లెక్క చూసుకోండి.

ఇక ములాఖత్. మామూలు ములాఖత్‌లో అద్దం అవతల మనిషి, చేతిలో ఫోను, చుట్టూ అరుపులు. అక్కడ జీవితం గురించి ఎవరూ మాట్లాడలేరు. లాయరు ద్వారా ముందే లెటరు పెట్టి, జైలు సిబ్బందికి మాట వినబడని చోట కూర్చునే అనుమతి అడగాలి. మొదటిసారే నేరం గురించి అడగవద్దు. ఏ ఊరు, ఇంట్లో ఎంతమంది, బడికి ఎవరు తీసుకెళ్లేవాళ్లు, ఏ వయసులో పనికి పోయాడు అని మొదలుపెట్టండి. అన్నా అనో తమ్ముడూ అనో పిలవండి. చాలామందిని ఏళ్ల తరబడి నంబరుతోనే పిలిచి ఉంటారు. చిన్నప్పటి దెబ్బలు, లైంగిక హింస, ఆకలి మొదటి రెండు మూడు కలయికల్లో బయటికి రావు. ‘మా అమ్మ జోలికి వెళ్లకండి’ అంటే తొందరపెట్టవద్దు. ఎందుకు కలవాలో చెప్పి, ఒప్పుకున్నాకే వెళ్లాలి.

నోట్సు రాసుకునే తీరు ముఖ్యం. పెద్ద కాగితం మీద ఒక్కో ఏడాదికి ఒక్కో వరుస గీసి సంవత్సరం, వయసు, ఉన్న చోటు, బడి లేదా పని, ఆరోగ్యం, ఇంట్లో జరిగినది, దానికి ఆధారం అని గడులు పెట్టుకోండి. ఆధారం గడి ఖాళీగా ఉన్న ప్రతి వరుసా మీకు మిగిలిన పని. ఒక్క మనిషి చెప్పినదాన్ని నిజమని రాయకండి. తల్లి చెప్పింది పక్కింటివాళ్లతో, మేస్త్రీ చెప్పింది తోటి కూలీలతో సరిచూడండి. ఇంట్లోవాళ్లను విడివిడిగా కలవాలి. తండ్రి తాగి కొట్టేవాడని తండ్రి ఎదుట ఏ కూతురూ చెప్పదు. తాతల తరం దాకా వెళ్లండి, మతిస్థిమితం లేని మేనమామ సంగతి అక్కడే తెలుస్తుంది.

కాగితాల విషయంలో ఓపిక కావాలి. బడి అడ్మిషన్ రిజిస్టరు, టీసీ, ఆసుపత్రి ఓపీ చీటీలు, డిశ్చార్జి సమ్మరీ, రేషన్ కార్డు, మన రాష్ట్రాల్లో అయితే వైకల్యానికి ఇచ్చే సదరం సర్టిఫికెట్, జైలు ఆసుపత్రి రికార్డు, జైల్లో చేసిన పని, రాసిన పరీక్షలు. ఇవ్వకపోతే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇంకొకరి వైద్య రికార్డు కనుక ఖైదీ సంతకంతో సమ్మతి పత్రం జతచేయండి, లేకపోతే వ్యక్తిగత సమాచారమని తిప్పికొడతారు.

ఒక్క బడి రిజిస్టరు ఏం చేయగలదో వినండి. 1994లో పూణేలో జరిగిన హత్యల కేసులో నారాయణ్ అనే పేరుతో ఒకతనికి ఉరిశిక్ష వేశారు. సుప్రీంకోర్టు కూడా 2000లో దాన్ని ఖాయం చేసింది. అతని అసలు పేరు నిరానారాం. రాజస్థాన్‌లో అతను చదివిన బడి రిజిస్టరు ప్రకారం నేరం జరిగిన నాటికి వయసు 12 ఏళ్ల 6 నెలలు. 2023 మార్చిలో సుప్రీంకోర్టు అతన్ని విడుదల చేసేసరికి 28 ఏళ్లకు పైగా జైల్లో గడిచిపోయాయి. పోలీసులు రాసిన పేరు, వయసు సరైనవేనని అనుకోకండి. బాలుడినన్న వాదనను తుది తీర్పు వచ్చాక కూడా ఏ కోర్టులోనైనా లేవనెత్తవచ్చు. వయసు నిర్ధారణలో ముందు బడి లేదా బోర్డు సర్టిఫికెట్, అది లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ జనన ధ్రువపత్రం, రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష.

తలకు దెబ్బ, మూర్ఛ, చదువులో బాగా వెనకబడటం కనిపిస్తే మానసిక వైద్య నిపుణులను తీసుకెళ్లండి. పరీక్ష అతనికి వచ్చిన భాషలో జరగాలి. బడి మొహం చూడని మనిషికి ఆ పరీక్షలో వచ్చిన మార్కులు ఒక్కటే చూసి తేల్చకూడదు. డబ్బు లెక్క, బస్సెక్కడం, వంట లాంటివి చిన్నప్పుడు సొంతంగా చేసుకోగలిగేవాడా అని ఇంటివాళ్లను అడగాలి.

ఇవన్నీ కలిపి కోర్టుకిచ్చే నివేదికను పొగడ్తగా రాయకండి. జైల్లో గొడవ పడితే అదీ రాసి, ఏ పరిస్థితిలో పడ్డాడో చెప్పండి. దాచింది ప్రాసిక్యూషన్ బయటపెడితే మిగిలిందీ ఎవరూ నమ్మరు. ఇంటికి కూడా ‘ఉరి తప్పిస్తాం’ అని మాటివ్వకండి.

కోర్టులన్నీ అయిపోతే క్షమాభిక్ష. సుప్రీంకోర్టులో ఓడిపోయిన సంగతి జైలు సూపరింటెండెంట్ తెలిపిన 30 రోజుల్లో గవర్నరుకో రాష్ట్రపతికో పిటిషన్ పెట్టాలి. గవర్నరు కాదంటే రాష్ట్రపతికి 60 రోజులు. అప్పుడు కాగితాలు వెతకడం మొదలుపెడితే అందవు. 1993 చిలకలూరిపేట బస్సు దహనంలో 23 మంది చనిపోయారు. ఆ కేసులో ఉరిశిక్ష పడిన ఇద్దరి పిటిషన్‌ను ఒక రాష్ట్రపతి తిరస్కరించాక, హక్కుల సంఘాలు పట్టు వదలకపోవడంతో, 1998లో తర్వాతి రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ వాళ్ల శిక్షను యావజ్జీవంగా మార్చారు. తిరస్కరించిన తర్వాత కూడా ఉరికి 14 రోజుల గడువు ఇచ్చి, ఖైదీకీ ఇంటివాళ్లకూ తెలపాలని 2014లో శత్రుఘ్న చౌహాన్ తీర్పు ఆదేశించింది.

చనిపోయినవాళ్ల కుటుంబం గురించి మర్చిపోకండి. సమాచారం కోసం వాళ్ల గడప తొక్కవద్దు. నివేదికలో వాళ్లను తక్కువ చేసే ఒక్క మాట కూడా ఉండకూడదు. బిడ్డను పోగొట్టుకున్నవాళ్లు మన పనిని చూసి కోపగించుకుంటే, ఆ కోపానికి వాళ్లకు హక్కుంది.

లా ఒక్కటే దారి కాదు. సోషల్ వర్క్, సైకాలజీ చదివినవాళ్లే ఇందులో ఎక్కువ కావాలి. హైదరాబాదులోని నల్సార్ లా యూనివర్సిటీలో ఉన్న స్క్వేర్ సర్కిల్ క్లినిక్ ఈ పనే చేస్తోంది. ఆదిలాబాద్ యాసైనా పలాస యాసైనా కూర్చుని వినగలగడం నేర్చుకోండి. ఈ సెలవుల్లో ఇంట్లో అమ్మమ్మనో తాతయ్యనో అడిగి, వాళ్లు ఒప్పుకుంటే, పైన చెప్పిన గడుల కాగితం ఒకటి నింపి చూడండి. ఆధారం గడిలో ఎన్ని నిండాయో నాకు రాయండి.

ఇట్లు,
మీ పెద్దమ్మ