మనీప్లాంటూ, మీ కుక్కపిల్లా

చిన్నీ, బన్నీ,

కుక్కపిల్లను తెచ్చుకున్నారని మీ అమ్మ చెప్పింది. "టీవీ పక్కనున్న మనీప్లాంట్‌ని అది కొరికితే ఏమవుతుందో అమ్మమ్మని అడుగు" అన్నారట కదా. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలదని ఇలా రాస్తున్నాను.

ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను. మన కుక్క రాజుగాడు చిన్నపిల్లగా ఉన్నప్పుడు వరండాలో వేలాడే తీగను లాగి ఓ ఆకు నమిలేశాడు. కాసేపైనా కాలేదు, ముందుకాళ్ళతో మూతి రుద్దుకోవడం మొదలుపెట్టాడు. నోట్లోంచి చొంగ నేల దాకా సాగింది. నీళ్ళ గిన్నె దగ్గరకు వెళ్తాడు, నాలుక పెడతాడు, మళ్ళీ వెనక్కి వస్తాడు. మీ తాతయ్య టెన్షన్‌లో చెప్పులు కూడా వేసుకోకుండా వాణ్ణి ఎత్తుకుని డాక్టర్ దగ్గరకు పరిగెత్తారు. సాయంత్రానికి వాడు పెరుగన్నం తిన్నాడు. తాతయ్యే రాత్రి దాకా తేరుకోలేదు.

కంద తరిగేటప్పుడు నేను చేతులకు నూనె రాసుకోవడం మీరు చూశారుగా? కందా, చేమదుంపా, మనీప్లాంటూ ఒకే కుటుంబం మొక్కలు. మూడింట్లోనూ కాల్షియం ఆక్సలేట్ అనే పదార్థం కంటికి కనబడనంత సన్నటి సూదుల్లా, కట్టలు కట్టలుగా ఉంటుంది. పన్ను పడగానే ఆ సూదులు బయటికొచ్చి నాలుకకూ చిగుళ్ళకూ గొంతుకూ గుచ్చుకుంటాయి. 'కందకు లేని దురద కత్తిపీటకెందుకు' అంటామే, ఆ దురదే ఇది. కందనైతే చింతపండు పులుసులో ఉడికించి దురద పోగొట్టుకుంటాం. కుక్కపిల్ల పచ్చిదే నమిలేస్తుంది, పాపం.

మామూలుగా ప్రాణం మీదికి రాదు. మంట, వాపు, ఒకటి రెండు వాంతులు, అంతే. గొంతు వాచి ఊపిరాడకపోవడం అరుదు, అలా అనిపిస్తే మాత్రం క్షణం ఆగకండి. మొదట నోట్లో మిగిలిన ముక్కలు అమ్మ చేత తీయించండి, తడిగుడ్డతో తుడిచి, నీళ్ళు పెట్టి, డాక్టర్‌కి ఫోన్ చేయమనండి. ఉప్పునీళ్ళు పోసి కక్కించమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. లోపలికి వెళ్ళేటప్పుడు గుచ్చుకున్నది బయటికి వచ్చేటప్పుడూ గుచ్చుకుంటుంది. పైగా అంత ఉప్పు కుక్కలకు ప్రమాదం.

నిజం చెప్పాలంటే నా బెంగ మనీప్లాంట్ గురించి కాదు. మీ అపార్ట్‌మెంట్ గేటు పక్కన గన్నేరు, దాని వెనక చిన్న ఈతచెట్టులా కనిపించే సైకస్ ఉన్నాయి చూడండి, వాటి గురించి. గన్నేరు గుండెను పట్టుకుంటుంది, సైకస్ కాలేయాన్ని. సైకస్ గింజలు మరీ చెడ్డవి. వాకింగ్‌కి తీసుకెళ్ళినప్పుడు అటువైపు గొలుసు వదలకండి. వాటిని నోట పెట్టిందంటే, బాగానే ఉన్నట్టు కనిపించినా, వెంటనే డాక్టర్ దగ్గరకే.

మనీప్లాంట్‌ని పారేయక్కర్లేదు. అందనంత ఎత్తులో పెట్టి, కిందికి జారే తీగను కత్తిరిస్తూ ఉండండి. కత్తిరించిన ఆకుల్ని మూతలేని చెత్తబుట్టలో వేయకండి, రాజుగాడు రెండోసారి నమిలింది అక్కడి ఆకునే! పండక్కి వచ్చేటప్పుడు స్పైడర్ ప్లాంట్ పిలకలు తెస్తాను. దాన్ని కొరికినా భయం లేదు.

ఇంతకీ పిల్లకు పేరేం పెట్టారు?

మీ అమ్మమ్మ