ఇంగ్లండ్‌లో స్కూల్ గవర్నర్ పని: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లో ఒక సెకండరీ స్కూల్‌కి గవర్నర్‌గా, అంటే స్కూల్ పనితీరుని పైనుంచి చూసే గవర్నింగ్ బాడీ అనే బృందంలో ఒకరిగా, పనిచేస్తున్నాను. మా స్కూల్లో తెలుగు పిల్లలు బాగానే ఉన్నారు, కానీ తల్లిదండ్రులు తమలోంచి ఎన్నుకునే పేరెంట్ గవర్నర్ ఎన్నిక నోటీసు వచ్చినప్పుడల్లా మనవాళ్ల పేర్లు కనిపించవు. నామినేషన్ ఎందుకు వేయలేదండీ అని అడిగితే వచ్చే జవాబులు ఎప్పుడూ దాదాపు ఇవే, వాటిలో చాలావరకు నిజం కాదు. అందుకే ఇది రాస్తున్నాను. వేల్స్, స్కాట్లండ్ పద్ధతులు వేరు, ఇక్కడ చెప్పేదంతా ఇంగ్లండ్ గురించే.

అపోహ: గవర్నర్లు స్కూల్‌ని నడుపుతారు, హెడ్‌టీచర్ మీద పెత్తనం చేస్తారు.

రోజువారీ నడిపేది హెడ్‌టీచరే. టైమ్‌టేబుల్, హోంవర్క్, ఏ టీచర్‌కి ఏ క్లాస్ లాంటివి మా చేతిలో ఉండవు. మా పనులు ముఖ్యంగా మూడు: స్కూల్ ఎటు వెళ్లాలో నిర్ణయించడం, పిల్లల చదువు గురించి హెడ్‌ని జవాబు అడగడం, డబ్బు సరిగ్గా ఖర్చవుతోందా అని చూడడం.

మూడింటిలోనూ అసలు పని ప్రశ్న అడగడమే. ఇయర్ 10 (14-15 ఏళ్ల పిల్లల క్లాసు) లెక్కల్లో ఫ్రీ స్కూల్ మీల్స్ తీసుకునే, అంటే తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలు మిగతావాళ్లకంటే బాగా వెనకబడ్డారని రిపోర్ట్‌లో ఉందనుకోండి. ఆ టీచర్‌ని మార్చండి అనడం మా పని కాదు. పోయిన టర్మ్‌లో తేడా ఎంత ఉంది, తగ్గించడానికి ఏం చేశారు, అది పనిచేస్తోందని మీకెలా తెలుస్తోంది, పనిచేయకపోతే ప్యూపిల్ ప్రీమియం (ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం స్కూల్‌కి ఇచ్చే అదనపు నిధి) డబ్బు ఇంకా అక్కడే ఎందుకు పెడుతున్నారు అని అడుగుతాం, జవాబు తేలకపోతే ఆ సంగతి మినిట్స్‌లో (మీటింగ్ రికార్డులో) రాయించి వచ్చే మీటింగ్‌లో మళ్లీ అడుగుతాం. ఈ రెండోసారి అడగడం చాలా ముఖ్యం. మొదటిసారి ఎవరైనా అడుగుతారు.

ఇప్పుడైతే ఈ పని ఇంకా అవసరం. కోవిడ్ వల్ల 2020, 2021లో ఇయర్ 6 సాట్స్ (ప్రైమరీ చివర్లో రాసే పరీక్షలు) జరగలేదు, కాబట్టి ఆ పిల్లలు 16 ఏళ్లకి జీసీఎస్‌ఈ పరీక్షలు రాసిన 2025, 2026 బ్యాచ్‌లకి ప్రోగ్రెస్ 8 అనే స్కోరు లేదు. పిల్లలు ప్రైమరీ నుంచి ఎంత ముందుకొచ్చారో చెప్పే ఆ ఒక్క అంకె లేనప్పుడు హాజరు, స్కూల్ సొంత పరీక్షలు, పిల్లల పుస్తకాలు, వీటన్నిటి మీదా గట్టిగా అడిగేవాళ్లు ఉండాలి.

ఇంకో మాట. విడిగా ఒక గవర్నర్‌కి ఏ అధికారమూ లేదు. అందరూ కూర్చుని తీసుకున్న నిర్ణయానికే విలువ.

అపోహ: గవర్నర్ అయితే మన పిల్లలకి సీటు గ్యారంటీ.

కాదు. సీట్లు ముందే ప్రకటించిన నిబంధనల ప్రకారమే ఇస్తారు. స్కూల్లో పనిచేసే సిబ్బంది పిల్లలకి ప్రాధాన్యం ఇవ్వడానికి అడ్మిషన్స్ కోడ్ (సీట్ల కేటాయింపు మీద ప్రభుత్వ నియమావళి) ఒప్పుకుంటుంది, గవర్నర్ల పిల్లలకి అలాంటిదేమీ లేదు. మనవాళ్లు ప్రాణం పెట్టే గ్రామర్ స్కూళ్లు, అంటే ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లల్ని తీసుకునే ప్రభుత్వ స్కూళ్లు, ఇంగ్లండ్ మొత్తం మీద 163 ఉన్నాయి, అక్కడా ఇదే మాట: పిల్లలు పరీక్ష పాస్ కావాల్సిందే. మన పిల్లల విషయం మీటింగ్‌లో వస్తే మనం లేచి బయటికి వెళ్లాలి.

అపోహ: పేరెంట్ గవర్నర్ అంటే తల్లిదండ్రుల ఫిర్యాదులు పైకి తీసుకెళ్లే మనిషి.

ఈ అపోహ మన వాట్సాప్ గ్రూపుల్లో ఎక్కువ. ఇండియాలో విద్యాహక్కు చట్టం ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి కాబట్టి అది తల్లిదండ్రుల కమిటీ అనే లెక్క. ఇక్కడ కౌన్సిల్ స్కూల్ (స్థానిక కౌన్సిల్ కింద ఉండే స్కూల్) గవర్నింగ్ బాడీలో కనీసం 7 మంది ఉండాలి, అందులో పేరెంట్ గవర్నర్లు కనీసం ఇద్దరు. మిగతావాళ్లు హెడ్, స్టాఫ్ గవర్నర్, కౌన్సిల్ సూచించినవాళ్లు, బాడీ తనంతట తాను తీసుకున్నవాళ్లు. తల్లిదండ్రులు ఓటేసి పంపినా, లోపలికి వెళ్లాక స్కూల్లోని పిల్లలందరి మేలూ చూడాల్సిందే.

ఎవరైనా రాత్రిపూట ఫోన్ చేసి టీచర్ మా వాణ్ణి ఇలా అన్నాడండీ అని మొత్తం కథ చెబితే, పాపం వాళ్ల బాధ నిజమే, కానీ అది విన్నాక ఆ ఫిర్యాదు మీద కూర్చునే ప్యానెల్‌లో నేను ఉండకూడదు. వివరాల్లోకి వెళ్లకుండా స్కూల్ ఫిర్యాదుల పద్ధతి ఎక్కడ ఉందో చూపించడమే వాళ్లకి నేను చేయగలిగిన సాయం.

అసలు మా పనిలో అన్నిటికంటే బరువైనది పిల్లల్ని స్కూల్ నుంచి తీసేసినప్పుడు కూర్చునే ప్యానెల్. హెడ్ ఒక పిల్లవాణ్ణి శాశ్వతంగా తీసేస్తే 15 స్కూల్ రోజుల లోపల గవర్నర్లు ఆ నిర్ణయాన్ని పరిశీలించి తీరాలి. మామూలుగా ముగ్గురం కూర్చుంటాం. ఒకవైపు హెడ్, ఇంకోవైపు తల్లిదండ్రులు, చాలాసార్లు ఆ పిల్లవాడు కూడా ఉంటాడు. జరిగింది నిజమేనా, ఇంతకంటే చిన్న చర్య సరిపోయేది కాదా, ఆ పిల్లవాడికి ప్రత్యేక అవసరాలు ఉంటే స్కూల్ ముందు నుంచీ పట్టించుకుందా, ఇవన్నీ ఓపిగ్గా అడగాలి. పిల్లవాణ్ణి తిరిగి తీసుకోమని చెప్పే అధికారం ఈ ప్యానెల్‌కి ఉంది. మన కుటుంబాలు ఇలాంటి మీటింగ్‌కి పరువు పోయిందన్న టెన్షన్‌తో రావడమే మానేస్తాయి, లేదా వచ్చి తల దించుకుని కూర్చుంటాయి. దయచేసి అలా చేయకండి. తోడుగా ఒకరిని తెచ్చుకోవచ్చు, మీరు చెప్పదలచుకున్నది రాసి ముందే పంపొచ్చు, గవర్నర్లు తీసివేతనే ఖాయం చేస్తే స్వతంత్ర ప్యానెల్‌ని ఆశ్రయించొచ్చు.

అపోహ: సిటిజన్‌షిప్ ఉండాలి, టీచింగ్ తెలిసి ఉండాలి, ఇంగ్లీష్ ధారాళంగా రావాలి.

18 ఏళ్లు నిండి ఉండాలి. బ్రిటిష్ పౌరులే కావాలన్న నియమం లేదు, డిగ్రీ అడగరు. దివాలా, కొన్ని రకాల నేరశిక్షలు ఉంటే కుదరదు, అందరికీ డీబీఎస్ చెక్ (నేరచరిత్ర తనిఖీ) చేస్తారు. వీసా మీద ఉన్నవాళ్లు తమ వీసా షరతులు ఒకసారి చూసుకుంటే చాలు. ఇంగ్లీష్ గురించి భయపడేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: ఆఫీసులో మీ మేనేజర్‌ని ఈ ఖర్చు ఎందుకు పెరిగిందని అడగగలిగితే ఇక్కడా అడగగలరు. అకౌంట్స్ చేసేవాళ్లు, ఐటీ వాళ్లు, ఎన్‌హెచ్‌ఎస్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సులు, వీళ్లందరూ బడ్జెట్లు, రిస్కులు రోజూ చూసేవాళ్లే. స్కూల్ ఖర్చులో పెద్ద భాగం జీతాలకే పోతుంది, ఆ కాగితం చదివి అర్థం చేసుకునేవాళ్లు బల్ల దగ్గర ఎంతమంది ఉంటే అంత మంచిది.

పిల్లలు ఆ స్కూల్లో లేకపోయినా కో-ఆప్టెడ్ గవర్నర్‌గా, అంటే బాడీ తనంతట తాను తీసుకున్న గవర్నర్‌గా, చేరొచ్చు. గవర్నర్స్ ఫర్ స్కూల్స్ అనే చారిటీ ఖాళీలున్న చోటికి వాలంటీర్లను పంపుతుంది.

అపోహ: జీతం వస్తుంది.

రాదు. స్కూల్ పాలసీలో ఉంటే ప్రయాణం లాంటి ఖర్చులు ఇస్తారు, అంతే.

అపోహ: ఏడాదికి మూడు మీటింగులే కదా, తేలిక.

చట్టం అడిగే కనీసం మూడే. దానికి తోడు కమిటీలు, స్కూల్ విజిట్‌లు, శిక్షణ, ప్రతి సెప్టెంబర్‌లో మారే సేఫ్‌గార్డింగ్ (పిల్లల భద్రత) గైడెన్స్ ఉంటాయి. మీటింగ్‌కి వారం ముందు కట్టలకొద్దీ కాగితాలు వస్తాయి, అవి చదవకుండా వస్తే కుర్చీ నిండుతుంది తప్ప స్కూల్‌కి ఉపయోగం లేదు. పదవీకాలం సాధారణంగా 4 ఏళ్లు. కౌన్సిల్ స్కూల్ గవర్నర్లకి ఈ పని కోసం యాజమాన్యం తగినంత సమయం ఇవ్వాలని 1996 ఉద్యోగ హక్కుల చట్టం చెబుతుంది, ఆ సమయానికి జీతం ఇవ్వాలని మాత్రం చెప్పదు.

అపోహ: ఏ స్కూల్లోనైనా గవర్నర్ అధికారం ఒకటే.

ఇది తెలియక చేరి నిరాశపడినవాళ్లని చూశాను. ఇంగ్లండ్‌లో ఎక్కువ సెకండరీ స్కూళ్లు ఇప్పుడు అకాడమీలు, అంటే కౌన్సిల్ కింద కాకుండా ఒక ట్రస్ట్ కింద నడిచే ప్రభుత్వ నిధుల స్కూళ్లు. అకాడమీల్లో చట్టప్రకారం బాధ్యత ట్రస్టీలది, స్థానిక గవర్నర్లకి ఏం వదిలారో ట్రస్ట్ రాసుకున్న స్కీమ్ ఆఫ్ డెలిగేషన్‌లో ఉంటుంది. కొన్ని చోట్ల బడ్జెట్, హెడ్ నియామకం రెండింట్లోనూ స్థానికుల మాటకి చోటుంది, కొన్ని చోట్ల రిపోర్ట్ విని తల ఊపడం తప్ప ఏమీ లేదు. రెండో రకంలో చేరమని నేనెవరికీ చెప్పను. కాబట్టి నామినేషన్ వేసే ముందు ఆ స్కీమ్ కాగితం స్కూల్‌నో ట్రస్ట్‌నో అడిగి తీసుకోండి. కౌన్సిల్ స్కూల్ అయితే ఆమోదించిన మినిట్స్, గోప్యమైన భాగం తప్ప, ఎవరు అడిగినా చూపించాలి. పోయిన ఏడాదివి తెప్పించుకుని, గవర్నర్లు ఏం అడిగారో, ఆ ప్రశ్నలకి తర్వాతి మీటింగ్‌లో జవాబు వచ్చిందో లేదో చూడండి.