మాడ్ కెమెరాకు మొదటి నీహారిక ఏది?

డీప్ స్కై ఫొటోగ్రఫీలోకి, అంటే నీహారికలు (అంతరిక్షంలోని వాయువు, ధూళి మేఘాలు), గెలాక్సీల వంటివాటిని తీయడంలోకి, కొత్తగా వచ్చినవాళ్లు ముందుగా అడిగేది, దేన్ని తీయాలని. ఎవరిని అడిగినా జవాబు దాదాపు ఒకటే: ఆండ్రోమెడా గెలాక్సీ, కృత్తికలు, ఓరియన్ నీహారిక. మామూలు కెమెరా ఉన్నవాళ్లకు ఈ జాబితా బాగానే పనికొస్తుంది. కానీ సెన్సర్ ముందున్న ఫిల్టర్‌ను మార్పించిన కెమెరా, అందరూ మాడ్ కెమెరా అనేది, చేతిలో ఉంటే సంగతి వేరు. ఆ మార్పు వల్ల ఈ మూడింట్లో రెండు పెద్దగా బాగుపడవు. ఖర్చుపెట్టి, వారంటీ వదులుకుని కెమెరా విప్పించాక, పక్కవాళ్ల మామూలు కెమెరాలో వచ్చిన ఫొటోయే మనకూ వస్తే ఉసూరుమనిపిస్తుంది.

డిజిటల్ సెన్సర్లు సిలికాన్‌తో చేస్తారు. సిలికాన్ మన కంటికి కనిపించని పరారుణ కాంతిని కూడా పట్టేస్తుంది. దాన్ని అలాగే వదిలేస్తే ఆకులు, నల్లబట్టలు, మనుషుల ముఖాలు వింత రంగుల్లో వస్తాయి. అందుకే తయారీదార్లు సెన్సర్ ముందు లేత నీలిపచ్చ గాజు ఫిల్టర్ ఒకటి పెడతారు. ఆ ఫిల్టర్ పరారుణాన్ని ఆపి ఊరుకోదు. కన్ను ఎరుపును చూసే తీరుకు దగ్గరగా ఉండాలని, ఎరుపు కాంతిని కూడా చివరికి వెళ్లేకొద్దీ ఎక్కువగా కోసేస్తుంది. మామూలు ఫొటోలకు అదే కావాలి. నీహారికలకు మాత్రం అక్కడే దెబ్బ తగులుతుంది. వాటి ఎరుపులో చాలా భాగం 656.3 నానోమీటర్ల దగ్గర ఒక సన్నని గీతగా ఉంటుంది. దాన్నే హైడ్రోజన్-ఆల్ఫా అంటారు. మామూలు ఫిల్టర్ ఆ కాంతిలో ఉజ్జాయింపుగా నాలుగో వంతును లోపలికి రానిస్తుంది. ఫిల్టర్ మార్చాక దాదాపు అంతా వస్తుంది. ఈ అవసరాన్ని గుర్తించి కేనన్ 2005లో 20డీఏ, నికాన్ 2015లో డీ810ఏ అనే మోడళ్లను తామే తయారుచేసి అమ్మాయి.

అంటే మాడ్ కెమెరా ఇచ్చే లాభమంతా ఒక్క రంగు దగ్గరే ఉంది. ఆ రంగు ఎక్కడ పుడుతుందో తెలిస్తే టార్గెట్ ఎంచుకోవడం సగం అయిపోయినట్టే.

కొత్తగా పుట్టిన భారీ నక్షత్రాలు విపరీతమైన వేడితో అతినీలలోహిత కాంతిని వెదజల్లుతాయి. అది తగిలి చుట్టూ ఉన్న హైడ్రోజన్ పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. అవి మళ్లీ ప్రోటాన్లకు చిక్కినప్పుడు ఒక్కో శక్తిస్థాయి దిగుతూ వస్తాయి. మూడో స్థాయి నుంచి రెండో స్థాయికి దిగేటప్పుడు వెలువడే కాంతే ఈ 656.3 నానోమీటర్ల ఎరుపు. ఇలా తన వాయువే వెలిగే మేఘాన్ని ఉద్గార నీహారిక అంటారు. కృత్తికల చుట్టూ కనిపించే నీలి పొగ ఈ కోవలోకి రాదు. అది ధూళి, పక్కనున్న నక్షత్రాల కాంతిని చెదరగొట్టి మనవైపు పంపుతోంది; ఇలాంటిదాన్ని పరావర్తన నీహారిక అంటారు. గెలాక్సీ అయితే లెక్కలేనన్ని నక్షత్రాల కాంతి కలిసిన ముద్ద, అన్ని రంగుల్లోనూ పరుచుకుని ఉంటుంది. వీటికి మామూలు కెమెరా చాలు. ఆండ్రోమెడా చేతుల వెంట చిన్న చిన్న ఎరుపు చుక్కలు మాడ్ కెమెరాలో కాస్త ఎక్కువగా తేలతాయి, నిజమే. కానీ కెమెరా విప్పించింది ఆ చుక్కల కోసం కాదు కదా.

ఈ తేడాను ఒకే ఫ్రేములో చూడాలంటే కృత్తికలకు ఉత్తరంగా దాదాపు 12 డిగ్రీల దూరంలో కాలిఫోర్నియా నీహారిక ఉంది. ఏపీఎస్-సీ సెన్సర్ (చాలా కెమెరాల్లో ఉండే మధ్యరకం సైజు) మీద 50 మిల్లీమీటర్ల లెన్స్ పెడితే సుమారు 25 డిగ్రీల వెడల్పు, 17 డిగ్రీల ఎత్తు ఉన్న ఆకాశం పడుతుంది కాబట్టి రెండూ హాయిగా ఇమిడిపోతాయి. మామూలు కెమెరాలో కృత్తికలు చక్కగా వచ్చి, కాలిఫోర్నియా ఉన్న చోట ఏదో మరక ఉన్నట్టు అనుమానం కలుగుతుంది. మాడ్ కెమెరాలో కృత్తికలు అంతే ఉంటాయి, పైన ఎర్రని మేఘం స్పష్టంగా బయటపడుతుంది.

కాంతి తర్వాత చూడాల్సింది సైజు. చాలామంది టెన్షన్ పడేది టెలిస్కోప్ లేదని. నిజానికి మంచి ఉద్గార నీహారికలు చాలా పెద్దవి. చందమామ వెడల్పు అర డిగ్రీ. కాలిఫోర్నియా పొడవు రెండున్నర డిగ్రీలు, నార్త్ అమెరికా నీహారిక రెండు డిగ్రీలు, రోజెట్ ఒక డిగ్రీ దాటుతుంది. ఏపీఎస్-సీ మీద 135 మిల్లీమీటర్ల లెన్స్ తొమ్మిదిన్నర డిగ్రీల వెడల్పును, 400 లెన్స్ మూడు డిగ్రీలకు కాస్త పైనను చూపిస్తాయి. నా లెక్కలో టార్గెట్ ఫ్రేము ఎత్తులో మూడో వంతు నుంచి సగానికి పైగా నిండితే చాలు. దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ రింగ్ నీహారిక, ఎం 57. పుస్తకాల్లో ఎంతో అందంగా కనిపిస్తుంది. దాని వెడల్పు ఒకటిన్నర నిమిషాల కోణం కూడా లేదు, అంటే డిగ్రీలో నలభయ్యో వంతు. 200 లెన్స్‌తో తీస్తే ఇరవై పిక్సెళ్ల చుక్కగా వస్తుంది. పైగా మామూలు రంగు సెన్సర్‌లో నాలుగు పిక్సెళ్లకు ఒక్కటే ఎరుపును చూస్తుంది. హైడ్రోజన్-ఆల్ఫా అంతా ఆ ఒక్కదాని మీదే పడుతుంది కాబట్టి చిన్న టార్గెట్లకు ఇంకా నష్టం.

జాబితాల్లో రాసే ప్రకాశ పరిమాణాన్ని (అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ) చూసి కూడా మోసపోవద్దు. ట్రయాంగులమ్ గెలాక్సీ, ఎం 33 పరిమాణం 5.7; రింగ్‌ది దాదాపు 8.8. అంకెల్లో ఎం 33 పదిహేను రెట్లకు పైగా ప్రకాశవంతం. అయినా చిన్న టెలిస్కోపులో రింగ్ ఇట్టే దొరికితే, ఎం 33 ఎంత వెతికినా కనబడక విసిగిస్తుంది. చెంచాడు రంగును గ్లాసు నీళ్లలో కలపడం వేరు, డ్రమ్ము నీళ్లలో కలపడం వేరు. ఆ అంకె మొత్తం కాంతిని చెబుతుంది, అది ఎంత మేర పరుచుకుందో చెప్పదు.

ఇవన్నీ చూశాక నేను మొదటి టార్గెట్‌గా రోజెట్‌నే ఎంచుతాను. ఆర్ద్ర నక్షత్రం నుంచి ప్రోసియాన్ అనే నక్షత్రం వైపు గీత గీస్తే మూడో వంతు దూరంలో, గీతకు కాస్త దక్షిణంగా ఉంటుంది. దూరం సుమారు 5,000 కాంతి సంవత్సరాలు. నడుమ ఎన్‌జీసీ 2244 అనే నక్షత్ర గుంపు ఉంది, బైనాక్యులర్లకు కూడా కనబడుతుంది. ఇది చిన్న సౌకర్యం కాదు: నీహారిక కంటికి ఆనకపోయినా గుంపును మధ్యలో పెట్టుకుంటే ఫ్రేమింగ్ అయిపోయినట్టే. ఆ నక్షత్రాలే చుట్టూ ఉన్న వాయువును వెలిగిస్తున్నాయి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో బాగా ఎత్తుకు వస్తుంది. 200 నుంచి 400 లెన్స్ దీనికి సరిపోతుంది.

జులై నుంచి అక్టోబరు దాకా అయితే నార్త్ అమెరికా నీహారిక, ఎన్‌జీసీ 7000. డెనెబ్ నక్షత్రానికి తూర్పుగా మూడు డిగ్రీల్లో ఉంటుంది, వెతకనక్కర్లేదు. 135 లెన్స్‌తో పక్కనున్న పెలికాన్ కూడా ఫ్రేములోకి వస్తుంది. ఈ రెండూ నిజానికి ఒకే మేఘం. నడుమ అడ్డొచ్చిన నల్లని ధూళి వల్ల విడివిడిగా కనిపిస్తున్నాయి. ధనూరాశిలో లగూన్, దాని పక్కనే ట్రిఫిడ్ ఉన్నాయి. ట్రిఫిడ్‌లో ఎర్రని ఉద్గార భాగం, నీలి పరావర్తన భాగం పక్కపక్కనే ఉంటాయి. ఉత్తరాన చాలా పైనున్న ప్రాంతాలవారికి ఇవి దిగంతం దగ్గరే తిరుగుతాయి. దక్షిణార్ధగోళంలో ఉన్నవారికి కరీనా నీహారిక ఉండగా ఈ చర్చే అక్కర్లేదు.

ఓరియన్ నీహారికను తీయొద్దని కాదు. 1880లో హెన్రీ డ్రేపర్ 51 నిమిషాల ఎక్స్‌పోజర్‌తో తీసిన దాని చిత్రమే నీహారికల ఫొటోల్లో మొదటిది. కానీ మాడ్ కెమెరా సత్తా చూడటానికి అది సరైన పరీక్ష కాదు. అంత వెలుగు ఉంది కాబట్టి మామూలు కెమెరాకూ దొరుకుతుంది. మధ్యభాగం రెండు నిమిషాల ఎక్స్‌పోజర్‌కే తెల్లగా కాలిపోతుంది. కొన్ని సెకన్ల ఫొటోలు విడిగా తీసి కలపాలి. కొత్తవాళ్లకు ఆ తలనొప్పి ఎందుకు? దాని పైనున్న హార్స్‌హెడ్ మాత్రం మాడ్ కెమెరాకే తగింది. 1888లో విలియమినా ఫ్లెమింగ్ హార్వర్డ్ ఫొటో ప్లేటు మీద గుర్తించిన ఈ గుర్రం తల వట్టి నల్లని ధూళి. వెనకున్న ఐసీ 434 అనే ఎర్రని తెర మీద నీడలా కనిపిస్తుంది. తెర వస్తేనే గుర్రం వస్తుంది.

వీటన్నిటికీ ట్రాకర్, అంటే ఆకాశం కదలికకు తగ్గట్టు కెమెరాను తిప్పే పరికరం, తప్పనిసరి. ఆకాశం సెకనుకు 15 సెకన్ల కోణం (డిగ్రీలో 240వ వంతు) కదులుతుంది. 135 లెన్స్‌తో ఒక నక్షత్రం అర సెకనులోపే పిక్సెల్ దాటిపోతుంది. ఇంకో విషయం, ఫిల్టర్ పూర్తిగా తీసేసిన ఫుల్ స్పెక్ట్రమ్ కెమెరా అయితే పరారుణ కాంతి వేరే చోట ఫోకస్ అయి నక్షత్రాలు ఉబ్బిపోతాయి. లెన్స్‌తో వాడేటప్పుడు అతినీలలోహిత, పరారుణ కాంతులను ఆపే యూవీ-ఐఆర్ కట్ ఫిల్టర్ పెట్టాల్సిందే. కెమెరా స్క్రీన్ మీద ఫొటో అంతా గులాబీ రంగులో కనిపిస్తే కంగారు పడొద్దు. రా ఫైల్‌గా తీస్తే ఆ రంగు ప్రాసెసింగ్‌లో సర్దుకుంటుంది.

వీధి దీపాల వెలుగు ఎక్కువున్న చోట హైడ్రోజన్-ఆల్ఫానూ, ఆక్సిజన్ 500.7 నానోమీటర్ల గీతనూ మాత్రమే వదిలే డ్యుయల్ బ్యాండ్ ఫిల్టర్ ఉద్గార నీహారికలకు బాగా కలిసొస్తుంది. అదే ఫిల్టర్‌ను కృత్తికల మీదో గెలాక్సీల మీదో పెడితే, మనకు కావాల్సిన కాంతిలో ఎక్కువ భాగాన్ని అదే ఆపేస్తుంది.

రాత్రికి నాలుగు టార్గెట్లు పెట్టుకునే అలవాటు మాత్రం మొదట్లోనే మానుకోవడం మేలు. నాయిస్‌తో (ఫొటోలోని గరుకుతో) పోలిస్తే సిగ్నల్ రెట్టింపు కావాలంటే సమయం నాలుగు రెట్లు కావాలి. గంట చొప్పున నాలుగు గరుకు ఫొటోల కంటే నాలుగు గంటల రోజెట్ ఒక్కటి ఎంతో శుభ్రంగా వస్తుంది. నక్షత్రాలు రోజుకు నాలుగు నిమిషాలు ముందుగా ఉదయిస్తాయి, అంటే నెలకు రెండు గంటలు. కాబట్టి పడమరకు వాలుతున్నదాన్ని కాకుండా, చీకటి పడేసరికి తూర్పున పైకి వస్తున్నదాన్ని ఎంచుకుంటే, ఆ రాత్రి మబ్బు పట్టినా వచ్చే అమావాస్యకు మళ్లీ అందుకోవచ్చు.