అక్రా కాదన్న పన్ను, అక్రా కట్టిన పన్ను

2024 జూన్ 25న కెన్యా రాజధాని నైరోబీలో నిరసనకారులు పార్లమెంటులోకి చొచ్చుకెళ్లారు. మర్నాడే అధ్యక్షుడు విలియం రూటో కొత్త పన్నుల బిల్లును వెనక్కి తీసుకున్నారు. పేద దేశాలు పన్నులు పెంచితే వృద్ధి దెబ్బతింటుందా, పెంచకపోతే అసలు వృద్ధే ఉండదా అన్న వాదం మళ్లీ రాజుకుంది.

దీని మూలం 1980, 90 దశకాల్లో ఉంది. అప్పుల కోసం అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్), ప్రపంచ బ్యాంకు గడప తొక్కిన దేశాలు వాటి షరతులకు ఒప్పుకుని దిగుమతి సుంకాలు తగ్గించుకున్నాయి. సుంకమంటే రేవు దగ్గరే చేతికందే ఆదాయం. ఆ లోటును వ్యాట్, అంటే అమ్మకాల ప్రతి దశలో బిల్లుల ఆధారంగా వేసే పన్ను, పూడుస్తుందన్నారు. బిల్లులే రాయని వ్యాపారం సగానికి పైగా ఉన్నచోట అదెలా సాధ్యం? కోల్పోయిన ప్రతి డాలర్‌లో మూడో వంతు కూడా అల్పాదాయ దేశాలకు తిరిగి రాలేదని 2005లో ఐఎంఎఫ్ ఆర్థికవేత్తలే తేల్చారు.

ఘనా అనుభవం ఇక్కడే అక్కరకొస్తుంది. 1995 మార్చిలో అక్కడి ప్రభుత్వం 17.5 శాతం వ్యాట్ వేసింది. ధరలు ఎగబాకాయి. మే 11న రాజధాని అక్రా వీధుల్లో జనం పోటెత్తారు, కొందరి ప్రాణాలు పోయాయి. జూన్‌లో పన్ను రద్దయింది. 1998 చివర్లో అదే వ్యాట్ 10 శాతంతో తిరిగొచ్చి నిలబడింది. 2000లో విద్యా నిధి కోసం 2.5 శాతం, 2004లో ఆరోగ్య బీమా కోసం మరో 2.5 శాతం కలిపారు. మొత్తం 15 శాతం. ఒకప్పుడు తిప్పికొట్టిన రేటుకు కాస్త తక్కువ, అంతే! ఈసారి సొమ్ము ఎక్కడికి పోతుందో జనానికి ముందే తెలుసు. తర్వాత ఆ నిధులకూ కోతలు పడ్డాయి, 2022లో ఘనా అప్పులు చెల్లించలేక చేతులెత్తేసింది. అయినా ఆ పదేళ్ల పాఠం చెల్లకుండా పోదు.

పన్ను తగ్గిస్తేనే పెట్టుబడి వస్తుందని వ్యాపార వర్గాలంటాయి. రేట్లు మరీ ఎక్కువైతే చిన్న సంస్థలు నమోదుకే జంకుతాయన్నది నిజమే. కానీ జీడీపీలో పన్నుల వాటా 12.75 శాతం దాటిన దేశాల్లో, పదేళ్ల తర్వాత తలసరి జీడీపీ దాదాపు 7.5 శాతం అధికంగా ఉంటుందని 2016లో ఐఎంఎఫ్ అధ్యయనం అంచనా వేసింది. రోడ్డు, కరెంటు, కోర్టు లేనిచోట తక్కువ పన్ను ఒక్కటే చూసి ఎవరు ఫ్యాక్టరీ పెడతారు?

కెన్యా బిల్లు వెనుక ఉన్నది అప్పుల ఒత్తిడి. జూన్‌లో తీర్చాల్సిన 200 కోట్ల డాలర్ల బాండ్ల కోసం ఫిబ్రవరిలో ఆ దేశం దాదాపు 10 శాతం వడ్డీకి కొత్త అప్పు తెచ్చింది. రొట్టె మీద 16 శాతం వ్యాట్ ప్రతిపాదన వచ్చింది ఆ పరిస్థితిలోనే. బిల్లును వెనక్కి తీసుకోక ముందే దాన్ని వదిలేశారు. మిగతా వాటిలో కొన్ని మాత్రం డిసెంబరులో వేరే చట్టం రూపంలో తిరిగొచ్చాయి.