ఐస్‌లాండ్‌లో 'అమ్మా' అంటే ఎవరు పలుకుతారు?

చిరంజీవులు పిల్లలకు,

ఐస్‌లాండ్‌లో ఎవరైనా పిల్లవాడు 'అమ్మా' అని కేకేస్తే వాళ్లమ్మ పలకదు, ముసలావిడ పలుకుతుంది. అక్కడ 'అమ్మ' అంటే అమ్మమ్మ, లేదా నానమ్మ. కన్నతల్లిని 'మమ్మ' అంటారు. తాతేమో 'ఆవి'. పక్కనున్న ఫారో దీవుల్లో ఆ ముసలావిడే 'ఒమ్మ', తాత 'అబ్బి'.

మన 'అమ్మ' ఓడెక్కి అంత దూరం వెళ్లిందనుకునేరు! వాళ్ల భాషకీ తెలుగుకీ చుట్టరికం లేదు. పాలుతాగే పిల్లలు ఎక్కడైనా పెదాలు మూసి తెరిస్తే ముందు వచ్చేది 'మ'కారమే. దగ్గర్లో ఉన్న ఆడమనిషికి ఆ పిలుపు అంటుకుంటుంది. ఆవిడ తల్లా, తల్లికి తల్లా అన్నది ఊరిని బట్టి మారుతుంది. మన 'అవ్వ'నే చూడండి. తెలంగాణలో చాలా పల్లెల్లో కన్నతల్లి, రాయలసీమలో తాత పెళ్లాం.

వాళ్ల 'అమ్మ' నిన్నమొన్నటిది కాదు. 'రీగ్స్‌థులా' అనే పాత నార్స్ (ఐస్‌లాండ్ వాళ్ల పూర్వీకుల భాష) గేయంలో ఓ దేవుడు మూడిళ్లకు అతిథిగా వెళతాడు. మొదటి ఇంట్లో ముత్తాత, ముత్తవ్వ. రెండో ఇంట్లో 'అమ్మ', అంటే అవ్వ, దారం వడుకుతుంటే, తాత మగ్గానికి దూలం చెక్కుతుంటాడు. మూడో ఇంట్లో తల్లీ తండ్రీ. ఆ ముత్తవ్వ పేరు 'ఎడ్డా'. ఇప్పుడు ముత్తవ్వను 'లౌంగమ్మ' అంటారు, అంటే పొడుగు అమ్మ. ఆవిడ తల్లి 'లౌంగలౌంగమ్మ'. నాకైతే ఈ మాట తెగ నచ్చింది.

స్వీడన్ వాళ్ల పద్ధతి వేరు. 'మోదెర్' అరిగి 'మూర్' (తల్లి) అయింది, 'ఫాదెర్' అరిగి 'ఫార్' (తండ్రి) అయింది. ఇక వాటినే జతలు కడతారు: అమ్మమ్మ 'ముర్ముర్', నానమ్మ 'ఫర్ముర్'. మరమరాలు గుర్తొస్తున్నాయా? మన అమ్మమ్మ, నానమ్మల కట్టుబడి కూడా ఇదే. తాతల దగ్గర మాత్రం వాళ్లే నయం. మనం ఇద్దరినీ తాత అని ఊరుకుంటాం. వాళ్లు తల్లి తండ్రిని 'ముర్‌ఫర్', తండ్రి తండ్రిని 'ఫర్‌ఫర్' అని విడదీస్తారు. డెన్మార్క్, నార్వేల్లో ఈ జతమాటలతో పాటు 'మేలైన అమ్మ' అనే అర్థం వచ్చే మాట కూడా వాడతారు. అది ఇద్దరికీ చెల్లుతుంది, తగువు లేదు.

తల్లి అక్కచెల్లెళ్లను స్వీడన్‌లో 'ముస్తెర్' అంటారు. 'మోదెర్స్ సిస్తెర్' అన్న రెండు మాటలు నలిగి ఒకటయ్యాయి. మేనత్త ఇలాగే 'ఫస్తెర్' అయింది. అయితే ముస్తెర్ అమ్మకంటే పెద్దదా, చిన్నదా అన్నది ఆ మాటలో తెలియదు. పెద్దమ్మను పిన్నీ అని పిలిస్తే మనింట్లో ఊరుకుంటారా?

మీ తాతయ్య