160/70లో ఆ 70ని చూసి ధీమా పడొద్దు: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఫిజీషియన్‌గా పనిచేస్తున్నాను. పెద్దవాళ్లకి బీపీ 160/70 ఉందని చెబితే తరచుగా వచ్చే జవాబు ఇది: "కింది నంబరు బాగానే ఉంది కదా సార్, ఈ వయసులో పైది అంతే ఉంటుందిలే." ఆ మాట విన్నప్పుడల్లా నాకు దిగులేస్తుంది.

అపోహ: కిందిది నార్మల్‌గా ఉంటే చాలు.

వాస్తవం: గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని గోడలో ఎలాస్టిన్ అనే సాగే పోగులుంటాయి. గుండె కొట్టినప్పుడు ఆ ధమని ఉబ్బి కొంత రక్తాన్ని పట్టి ఉంచుతుంది. గుండె వదులైనప్పుడు ముడుచుకుని దాన్ని ముందుకు తోస్తుంది. వయసు పెరిగేకొద్దీ ఆ పోగులు చిట్లి, కొల్లాజెన్ అనే గట్టి పోగులు పెరుగుతాయి. మన మామిడితోటల్లో ఏళ్లతరబడి ఎండలో పడున్న రబ్బరు పైపు సంగతి తెలుసుగా, వంచినా వంగదు. ధమని అలా బిరుసెక్కితే పై బీపీ పెరుగుతుంది, కిందిది తగ్గుతుంది. కాబట్టి 160/70లో 70 శుభవార్త కాదు. రెండింటి మధ్య 90 తేడా ఉంది. ఆ తేడా 60 దాటితేనే నేను తేలిగ్గా తీసుకోను.

అపోహ: బీపీ ఎక్కువుంటే మెదడుకి రక్తం బాగా అందుతుంది.

వాస్తవం: ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం. శరీర బరువులో మెదడు 2 శాతమే అయినా, మనం వాడే ఆక్సిజన్‌లో సుమారు 20 శాతం దానికే కావాలి. అందుకని మెదడు నాళాలు రక్తాన్ని పెద్దగా అడ్డుకోకుండా లోపలికి రానిస్తాయి. బృహద్ధమని మెత్తగా ఉన్నన్నాళ్లూ ఇబ్బంది లేదు. అది గట్టిపడ్డాక ప్రతి గుండె దెబ్బ అదురూ వెంట్రుకంత నాళాల దాకా పోతుంది. దాన్ని తట్టుకోవడానికి వాటి గోడలు మందమై, లోపలి దారి సన్నబడుతుంది. చివరికి మెదడు లోపలి భాగాలకు రక్తం చాలదు. ఎంఆర్ఐలో తెల్ల మచ్చలు కనిపిస్తాయి, నడక నెమ్మదిస్తుంది, పేర్లు గుర్తురావు. ఇంట్లోవాళ్లు 'వయసైంది' అనుకుని ఊరుకుంటారు. 2019లో వెలువడిన స్ప్రింట్ మైండ్ అధ్యయనంలో, పై బీపీని 140 కాక 120 లోపు ఉంచాలని చికిత్స చేసినవారిలో తేలికపాటి జ్ఞాపకశక్తి, ఆలోచనా లోపాలు తక్కువగా కనిపించాయి. అందరికీ 120 సరిపడదు, ఎవరికెంత అన్నది మీ డాక్టరు తేల్చాలి.

అపోహ: కొలెస్ట్రాల్ లేదు కాబట్టి ధమనులు బాగున్నట్టే.

వాస్తవం: కొలెస్ట్రాల్ పేరుకుని వచ్చే పూడిక వేరు, ధమని గోడ గట్టిపడటం వేరు. బీపీ, షుగర్, కిడ్నీ జబ్బు, పొగ తాగడం ధమనుల్ని తొందరగా ముసలివి చేస్తాయి. పూటపూటా ఊరగాయ, అప్పడంతో పోయే ఉప్పు కూడా అంతే.

అపోహ: ఏటా అలిపిరి మెట్లెక్కుతున్నాను, నాకేం కాదు.

వాస్తవం: 3550 మెట్లెక్కే భక్తికి, ఓపికకి దండం పెడతాను. కానీ ధమనులకు మేలుచేసేది రోజూ అరగంట నడక. కొండెక్కే రోజున మాత్ర మానేయడం మరీ ప్రమాదం.

అపోహ: లేవగానే కళ్లు తిరిగితే బీపీ మాత్ర ఆపేయాలి.

వాస్తవం: మీ అంతట మీరు ఆపకండి. మనం లేచినప్పుడు బీపీని సర్దే సెన్సర్లు ధమని గోడల్లోనే ఉంటాయి. గోడ సాగకపోతే అవి కూడా మందగిస్తాయి. అందుకే పెద్దవాళ్లకి కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి మూడు నిమిషాల్లోపు మరోసారి బీపీ చూస్తాను. పై నంబరు 20 పడిపోతే మోతాదో, వేసుకునే వేళో మారుస్తాను.