మాజీ సైనికుడికి శాలువా కప్పే ముందు చూడాల్సిన కాగితాలు

1971 యుద్ధ విజయ స్వర్ణోత్సవాల జ్యోతి 2021 ఫిబ్రవరిలో తిరుపతికి వచ్చింది. 18న అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి స్వయంగా మేజర్ జనరల్ సి. వేణుగోపాల్ ఇంటికి వెళ్లి సన్మానించారు. ఆ యుద్ధంలో ఒకటో గూర్ఖా రైఫిల్స్ ఐదో బెటాలియన్‌ను నాటి తూర్పు పాకిస్తాన్‌లోని ఉథలీ, దర్శన స్థావరాల మీదికి నడిపించి మహావీర చక్ర అందుకున్న తిరుపతి బిడ్డ ఆయన. పేరు ముందున్న ‘సి’ అంటే చిత్తూరే. రాష్ట్రం మహావీర చక్రకు ఇచ్చే నగదును 8 లక్షల నుంచి 80 లక్షలకు, పరమవీర చక్రకు 10 లక్షల నుంచి కోటికి పెంచుతున్నట్టు ఆ సందర్భంలోనే ప్రకటించారు.

పతకం లేని సిపాయిల సంగతి వేరు. జవానుకు పింఛను రావాలంటే 15 ఏళ్ల సర్వీసు ఉండాలి. యుద్ధం చేసి కూడా అంతకు ముందే ఇంటికి వచ్చేసినవారికి నెలనెలా వచ్చేదేమీ లేదు. అలాంటివారిలో హవల్దారు హోదా వరకు, 65 దాటిన నిరుపేదలకు కేంద్రీయ సైనిక్ బోర్డు నెలకు 4,000 ఇచ్చేది. 2025లో దాన్ని 8,000 చేశారు. దరఖాస్తు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా వెళ్లాలి. ఊళ్లో పెద్దాయనకు సన్మానం తలపెట్టినవాళ్లు ముందు ఈ సంగతి కనుక్కుంటే ఎంతో మేలు.

పింఛను ఉన్నవారికి 2006 జనవరి 1 నుంచి వయసును బట్టి అదనపు పింఛను ఉంది. మూల పింఛను మీద 80 నిండితే 20 శాతం, 85కి 30, 90కి 40, 95కి 50, నూరేళ్లకు 100 శాతం. మూల పింఛను 25,000 అయితే 80 నిండగానే 5,000 కలవాలి, దాని మీద కరువు భత్యం వేరు. చాలామందికి ఇది ఆగేది పుట్టిన తేదీ దగ్గరే. భర్తీనాడు ఉజ్జాయింపుగా రాసిన తేదీ ఒకటి, ఆధార్‌లో మరొకటి. పేర్లదీ అదే తంటా: సైన్యం నుంచి వచ్చేసేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి బుక్కులో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. రక్షణ శాఖ ఆన్‌లైన్ పింఛను వ్యవస్థ ‘స్పర్శ్‌’లో రెండూ కలవకపోతే పని ముందుకు సాగదు.

పింఛనుదారు బతికే ఉన్నారని చెప్పే లైఫ్ సర్టిఫికెట్ ఏటా నవంబరులో ఇవ్వాలి. 80 దాటినవారు అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు. మట్టిపని చేసిన చేతులకు, ముదిమి వయసులో, వేలిముద్రలు పడవు. పదేపదే ప్రయత్నించి అలసిపోనక్కర్లేదు, 2021 నుంచి ముఖం చూపించి ఫోన్‌లోనే ఇచ్చే వీలుంది. మంచం పట్టినవారికి ఇదే మేలు.

అన్నిటికన్నా ఎక్కువగా వాయిదా పడేది భార్య పేరు, పుట్టిన తేదీల సవరణ. అది ఆయన సర్వీసు వివరాలుండే సైనిక రికార్డు ఆఫీసులో జరగాలి. పెద్దాయన ఉండగానే ఆయన సంతకంతో పంపితే సులువు. ఆయన పోయాక ఆమె ఒక్కతే ఆ కాగితాలు పట్టుకుని తిరగాలి, అన్నాళ్లూ కుటుంబ పింఛను ఆగిపోతుంది.